గాలి విరిచిన తలుపు

ఆ వీధిలో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. తుఫాను తలుపు లాగి, రెండు తలుపుల మధ్య నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుని, "ఉన్నారా?" అని ఒక కేక వేసి లోపలికి వచ్చేయడమే. తట్టేది పాస్టరయినా అయ్యుండాలి, పోలీసయినా అయ్యుండాలి. అందుకే ఆ మధ్యాహ్నం వంటింటి తలుపు మీద టకటకమని చప్పుడయ్యేసరికి సైమా ఉలిక్కిపడింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని కిటికీలోంచి తొంగి చూసింది.

ఎదురింటి స్టాంకో. పనిముట్ల పెట్టె చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తట్టడమేమిటి, కొత్తగా?" అంది సైమా లోపలి తలుపు తీసి.

"తట్టక ఏం చెయ్యను తల్లీ? మేకని కట్టేసినట్టు తలుపుని తాడేసి కట్టేశారు. విప్పు ముందు, ముక్కు ఊడిపోయేలా ఉంది చలికి."

తాడు ముడి గడ్డకట్టుకుపోయింది. సైమా పళ్ళతో పీకి విప్పింది. తుఫాను తలుపు అంటే అసలు తలుపుకి బయటగా ఉండే రెండో తలుపు. పైన అద్దం, కింద అల్యూమినియం రేకు, బయటికి తెరుచుకుంటుంది. సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలిని ముందు అది కాచుకోవాలి, తర్వాతే లోపలి చెక్క తలుపు. ఈ తలుపు నవంబరు నుంచీ ఏమీ కాచుకోవడం లేదు. కింది మూల గడపకి రాసుకుంటోంది, పై మూల వేలు దూరేంత సందు, గొళ్ళేనికీ దాని గాడికీ పొత్తే కుదరడం లేదు.

"వచ్చావా?" అంది హిల్యా పొయ్యి పక్క కుర్చీలోంచి. సైమా అత్తగారు. మోకాళ్ళు పోయి నాలుగేళ్ళయింది కానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. "పొద్దున్న రమ్మంటే పొద్దు గూకబోతుండగా వచ్చావు. మీ క్రొయేషియా వాళ్ళకి పొద్దంటే ఇదేనా?"

"మీ ఫిన్నుల కాఫీ ఈ వేళకే మరుగుతుందని తెలిసి వచ్చాను హిల్యా," అన్నాడు స్టాంకో.

నవ్వుతూనే తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింది రేకు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. రేకులో ఒక సొట్ట ఉంది. గుండ్రంగా లేదు. ముందు వెడల్పుగా, వెనక్కి సన్నంగా, సరిగ్గా బూటు ముందు భాగం ఆకారంలో ఉంది. చట్రమంతా ఆ సొట్ట దగ్గర లోపలికి వంగింది. ఈ ఊళ్ళో గాలి తలుపుల్ని బయటికి లాక్కుపోతుంది. లోపలికి తన్నదు. ఆ సంగతి స్టాంకోకే కాదు, వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు.

స్టాంకో గొంతు సవరించుకున్నాడు.

"గాలి గట్టిగానే కొట్టినట్టుంది."

"అవును. గాలే," అంది హిల్యా.

సైమా గరిటె గిన్నెలో పడేసింది. చప్పుడు కాస్త పెద్దగానే అయింది. ఎవరూ తల తిప్పలేదు.

గాలి పేరు ఆర్వో. హిల్యా కొడుకు, సైమా మొగుడు. ఇనుపరాయి మోసే ఓడలో పని. వసంతంలో మంచు కరిగితే ఎక్కుతాడు, మళ్ళీ సరస్సు గడ్డకట్టి ఓడలు రేవుల్లో ఆగిపోయాకే ఇంటికొస్తాడు. మధ్యలో నవంబరులో దుప్పుల వేటకని వారం రోజులు. ఈసారి ఆ వారంలో జరిగింది ఈ సొట్ట. నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. ఓడ డులూత్ రేవులో కట్టేశారు, శుక్రవారానికి ఇంట్లో ఉంటాను, ఇంక మార్చి దాకా కదలను అన్నాడు. ఫోన్ హిల్యాయే తీసింది. పెట్టేశాక చాలాసేపు పొయ్యిలోకి చూస్తూ కూర్చుని, "తలుపు బాగుచేయించాలి," అంది. అంతే.

సైమాకి ఒళ్ళు మండిపోయింది ఆ మాటకి. కొడుకు వచ్చేసరికి వాడు చేసిన పని వాడి కళ్ళబడకూడదు. చూస్తే మళ్ళీ ఎక్కడ చిర్రెత్తుతుందో అని. అంత ముద్దు!

స్టాంకో రసమట్టం తీసి ద్వారబంధానికి ఆనించాడు. బుడగ ఒక పక్కకి పరిగెత్తింది.

"తలుపొక్కటే కాదు, ఇల్లే వాలింది. గనుల కంపెనీ ఎనభై ఏళ్ళ కిందట కట్టి పారేసిన కొంప. ఇది సరస్సు వైపు ఒరిగింది, తలుపేమో ఇంటి లోపలికి ఒరిగింది. రెంటినీ ఒక దారికి తేవాలి. ఇవాళ విప్పుతా, రేపు ఎక్కిస్తా."

"ముందు వైపు తలుపు లేదూ, ఒక రాత్రికి అది చాలదూ అంటావేమో," అంది హిల్యా. "దానికి అక్టోబరులోనే ప్లాస్టిక్ కప్పి, బొంతలు కుక్కి, మేకులు కొట్టేశాం."

"నాకు తెలీదా? మా ఇంట్లోనూ అంతే. చలికాలం వచ్చిందంటే ఈ ఊళ్ళో మనిషికి ఒకటే ద్వారం."

ఆ మాట సైమా చెవిలో గుచ్చుకుంది. ఒకటే ద్వారం. రావడానికైనా, పోవడానికైనా.

తలుపుని విప్పి వంటింట్లోకి తెచ్చి రెండు ముక్కాలిపీటల మీద పడుకోబెట్టారు. వంగిన చోట కింద దిమ్మ పెట్టి, ఒక చివర స్టాంకో, రెండో చివర సైమా మోకాలు వేసి నెమ్మదిగా అదిమారు. "ఊపు ఇవ్వకు, బరువు మాత్రం ఇవ్వు," అంటున్నాడు స్టాంకో. లోహం మూలిగింది. చట్రం కొంచెం కొంచెంగా దారికొచ్చింది. సొట్ట మాత్రం లొంగలేదు. లోపలి వైపునుంచి రబ్బరు సుత్తితో కొడితే రేకు తేలింది కానీ గీత పోలేదు. దగ్గరికెళ్ళి చూస్తే బూటు అడుగున ఉండే గళ్ళు కూడా కనపడుతున్నాయి.

"ఇంతకన్నా పోదు హిల్యా."

"పోకపోతే పోనీ. ఉండనీ."

సైమాకి ఆశ్చర్యం వేసింది. ఇంకా గట్టిగా కొట్టమంటుందనుకుంది.

ఆ రాత్రి అత్తా కోడలూ ఆ తలుపు పక్కనే కూర్చుని అన్నాలు ముగించారు. మాంసం, టర్నిప్ దుంపలు కూరి కాల్చిన పాస్టీ రొట్టె, మీద ఊరగాయ. తెల్లటి తలుపు వంటింటి మధ్యలో అలా పడుకుని ఉంటే, శవాన్ని పెట్టుకుని భోంచేస్తున్నట్టుంది. బయటి చలికి అడ్డం లోపలి తలుపొక్కటే మిగిలింది. దాని కింది సందులోంచి చలి పాకుతూ వచ్చి సైమా పాదాల్ని పట్టుకుంది.

"తిను," అంది హిల్యా. "ఆ పేలవమైన మొహం చూడలేక చస్తున్నా."

"మొహం సంగతి శుక్రవారం చూసుకుందురు గాని అత్తయ్యా."

హిల్యా నములుతున్నది ఆపింది. ఏదో అనబోయింది. అనలేదు. మళ్ళీ నమలసాగింది.

మర్నాడు సైమా బడి వంటశాలలో పని ముగించుకుని వచ్చేసరికి స్టాంకో పనిలో ఉన్నాడు. హిల్యా కుర్చీని ఏకంగా గుమ్మం దగ్గరికి లాగించుకుని, ఒంటి మీద రెండు శాలువాలు కప్పుకుని, మేస్త్రీలా కూర్చుంది. ద్వారబంధంలో పాత స్క్రూల బెజ్జాలు లూజైపోయాయి. వాటిలో అగ్గిపుల్లలు జిగురులో ముంచి కూరి, పొడుగు మిగిలింది కత్తితో కోశాడు స్టాంకో. వాలిన వైపు దేవదారు చెక్క చీలికలు ఒకదాని మీద ఒకటి దోపి, రసమట్టం పెట్టి, చీలిక ఇంకాస్త కొట్టి, మళ్ళీ చూశాడు.

"ఆ స్క్రూలేనా?" అంది హిల్యా.

"ఇవి చాలు."

"చాలవు. ఇంకా పొడుగువి తే. గోడలోపలి దూలం దాకా దిగాలి."

"అమ్మా తల్లీ, తుఫాను తలుపుకి బందిపోట్ల జైలుకి వేసే స్క్రూలు ఎందుకు?"

"నా తలుపు, నా ఇష్టం. ఇల్లు కూలినా ఇది ఊడకూడదు."

స్టాంకో భుజాలెగరేసి ఇంటికెళ్ళి పొడుగు స్క్రూలు తెచ్చాడు. సైమా తలుపు ఎత్తి పట్టుకుంది. అతను పైనుంచి ఒక్కొక్కటే బిగించాడు. మధ్య మధ్య తలుపు వేసి, తీసి, సందు చూసి, ఒకటి వదులు చేసి ఇంకోటి బిగించి. చివరికి తలుపుని సగం తెరిచి వదిలేశాడు. అది తనంతట తనే వచ్చి, గడపకి రాసుకోకుండా, క్లిక్‌మని గొళ్ళెం పడి మూసుకుంది. నవంబరు నుంచీ ఆ ఇంట్లో ఆ చప్పుడు లేదు.

"ఇంకోటి," అంది హిల్యా. శాలువా కిందినుంచి ఒక ఇనుప గడియ తీసింది. పాతది, లావుది, పెరట్లో ఆవిరిస్నానం చేసే సౌనా గది తలుపుది. "దీన్ని లోపలి వైపు బిగించు. కింద. గడప పక్కనే."

స్టాంకో గడియ వంకా ఆవిడ వంకా చూశాడు. "కింద పెడితే నువ్వు వంగగలవా?"

"నేను వంగను. అది వంగుతుంది," అని గడ్డంతో సైమాని చూపించింది.

సైమాకి మొహం జేవురించింది. పరాయి మనిషి ముందు! స్టాంకో గడియ అందుకున్నాడు. చూపు ఒకసారి తలుపు పై సగానికి ఉన్న అద్దం మీదికి, అక్కణ్ణించి కింద గడప దాకా జారింది. ఏదో లెక్క కుదిరినట్టు తల ఊపి, పడుకుని గడియ బిగించడం మొదలెట్టాడు.

అతను కాఫీ తాగి, ఏలకుల రొట్టె రెండు ముక్కలు తిని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గడప మీద నిలబడి, "గాలి వస్తుందంటున్నారు రేడియోలో. శుక్రవారానికి పెద్దదే," అన్నాడు. సైమా మొహం వంక చూడకుండా అన్నాడు.

సైమా ఇంక ఆపుకోలేకపోయింది.

"ఎవరి కోసం అత్తయ్యా ఆ గడియ?"

"గాలికి."

"గాలికా? నేను పారిపోకుండా ఉండడానికా? నవంబరులో పారిపోయానుగా, వట్టి కాళ్ళతో, సౌనా గదిలోకి! ఈసారి గడియ తియ్యడానికి వంగేలోపు జుట్టు దొరుకుతుందని పెట్టించారా?"

హిల్యా శాలువా సర్దుకుంది.

"గాలికి బూట్లుంటాయా అత్తయ్యా? స్టాంకోకి తెలుసు, వాళ్ళావిడకి తెలుసు, బడిలో నాతో వంట చేసేవాళ్ళకి తెలుసు. అందరూ గాలి గాలి అంటారు. మీరు మొదలెట్టారు, వాళ్ళు అందుకున్నారు!"

హిల్యా కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది. బల్ల మీది ఎనామిల్ గిన్నె అందుకుంది. నేలమాళిగ తలుపు తీసి, ఒక్కో మెట్టూ మూలుగుతూ దిగిపోయింది. బంగాళాదుంపలకి.

సైమాకి నవ్వొచ్చింది, ఏడుపు బదులు. అత్తగారికిది అలవాటే. ఆర్వో గొంతు లేచిందంటే చాలు, ఆవిడ చేతిలోకి ఆ గిన్నె వస్తుంది. పైన ఏం జరిగినా కిందనుంచి రాదు. అంతా సద్దుమణిగాక గిన్నెడు బంగాళాదుంపలతో పైకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా తొక్క తీయడం మొదలెడుతుంది. పెళ్ళయిన కొత్తలో సైమా అనుకునేది, పాపం ముసలావిడకి వినపడలేదేమోనని. రాతి గోడలు, మట్టి నేల, ఏం వినపడుతుందిలే అని. తర్వాత అనుకోవడం మానేసింది.

గురువారం సైమా చిన్న సంచీ ఒకటి సర్దింది. మార్కెట్ అనే ఊళ్ళో ఉండే చెల్లెలి దగ్గరికి బస్సు శుక్రవారం పొద్దున్న ఉంది. సంచీ మంచం కిందికి తోసి పడుకుంది. తెల్లారి లేచేసరికి కిటికీ బయట ఏమీ లేదు. వీధి లేదు, స్టాంకో ఇల్లు లేదు, అంతా తెల్లగా ఒకటే ఊగిపోతోంది. రేడియోలో బడులు మూశారన్నారు, బస్సులు రావన్నారు. సైమా మంచం అంచు మీద కూలబడిపోయింది. బస్సులు రానంత మంచులో ఆర్వో మాత్రం వస్తాడు. ఎవడో ఒకడి ట్రక్కు పట్టుకుని, దారిలో సారా కొట్టు దగ్గర ఆగి, వస్తాడు. ఏటా రాలేదూ?

మధ్యాహ్నానికి మంచు పడడం తగ్గింది కానీ గాలి తగ్గలేదు. ఇల్లంతా కిర్రుమంటోంది. తుఫాను తలుపు ఒక్కటే కదలడం లేదు, పొడుగు స్క్రూలతో గోడని పట్టుకుని అలా నిలబడి ఉంది. వెలుగు పల్చబడింది. ఎదురుగా స్టాంకో తన వాకిట్లో పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు. హిల్యా ఈ రెండు రోజులూ కుర్చీని గుమ్మం దగ్గరినుంచి కదపనియ్యలేదు. అల్లుతోంది. సైమా బఠాణీ సూప్ పొయ్యి మీద పెట్టి, కలిపిందే మళ్ళీ కలుపుతోంది.

ట్రక్కు చప్పుడు వీధి మొదట్లో వినపడింది. ఆగింది. తలుపు వేసిన చప్పుడు, ఎవరో ఎవరికో వీడ్కోలు కేక, ఒక నవ్వు. సైమాకి ఆ నవ్వు తెలుసు. ఎన్ని గ్లాసులయ్యాయో కూడా దాన్నిబట్టి చెప్పగలదు. అలవాటు ప్రకారం పొయ్యి దగ్గరనుంచి గుమ్మం వైపు రెండడుగులు వేసింది. ఎదురెళ్ళి తలుపు తీసి, బూట్లు అందుకోవాలి. ఆలస్యమైతే దానికీ ఒక దెబ్బ ఉంటుంది.

"గడియ వెయ్యి," అంది హిల్యా.

"ఆయన వచ్చేశాడు అత్తయ్యా."

"అందుకే వెయ్యమంటున్నా. వంగు."

సైమాకి అర్థం కాలేదు. కాళ్ళే ముందు అర్థం చేసుకున్నాయేమో, లోపలి తలుపు తీసి గడప దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది. లావు గడియ జరిపి గాడిలో దించింది. తల ఎత్తితే పైన ఎక్కడో అద్దం. అద్దం పగలగొట్టి చెయ్యి దూర్చినా ఇంత కిందికి ఎవడి చెయ్యీ అందదు. స్టాంకో అప్పుడు చూసిన చూపు ఇప్పుడు తెలిసింది. అద్దంలోంచి మంచులో అడుగులేసుకుంటూ వస్తున్న నల్లటి ఆకారం కనపడింది.

హిల్యా లేచి నిలబడింది. ఎనామిల్ గిన్నె తీసి సైమా చేతుల్లో పెట్టింది.

"కిందికెళ్ళి బంగాళాదుంపలు తీసుకురా."

"అత్తయ్యా..."

"వెళ్ళు. నిండా తీసుకురా. తొందరేమీ లేదు."

నేలమాళిగలో చీకటి, మట్టి వాసన. సైమా బంగాళాదుంపల పెట్టె పక్కన చతికిలబడి గిన్నె గుండెకి హత్తుకుంది. పైన గొళ్ళెం లాగిన చప్పుడు. మళ్ళీ లాగిన చప్పుడు.

"అమ్మా! తలుపు పట్టేసింది!"

"పట్టెయ్యలేదు. వేశాను."

ప్రతి మాటా చెవిలో చెప్పినట్టు వినపడుతోంది. మాటలే కాదు, పొయ్యి మీద సూప్ ఉడకడం వినపడుతోంది. అత్తగారు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడం, నేల చెక్క కిర్రుమనడం వినపడుతోంది. రాతి గోడలూ మట్టి నేలా ఏ చప్పుడూ పోనివ్వకుండా అంతా కిందికే దించుతున్నాయి. అయితే ఇన్నేళ్ళూ! ఆ ముసలిది ఇక్కడే, ఈ పెట్టె పక్కనే కూర్చుని, ఒక్కొక్క దెబ్బా వింది. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీలేదు.

పైన ఎవరో తలుపు తట్టారు. టకటకమని, పరాయివాళ్ళలా. ఆర్వో తడుతున్నాడు, తను పుట్టిన ఇంటి తలుపు.

"ఏమిటే ఈ ఆటలు? అది చెప్పిందా నీకు వెయ్యమని? నా ఇంటికి నన్ను రానివ్వదా?"

"నీ ఇల్లెక్కడుందిరా? ఇది నాది. నేనింకా చావలేదు."

"అమ్మా, చలేస్తోందమ్మా."

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. సైమా దూలాల వంక చూసింది. ఇంతే, తీసేస్తుంది, తల్లి కదా, ఇంక తీసేస్తుంది.

"దానికీ చలేసింది నవంబరులో," అంది హిల్యా గొంతు. "వట్టి కాళ్ళతో పోయింది. నేను కింద కూర్చుని బంగాళాదుంపలు ఏరుకున్నా. నా పాపం నాది. సారా కొట్టు మీద గదులున్నాయిగా, పోయి పడుకో."

ఢాం అని రేకు మోగింది. ఇల్లంతా అదిరింది. నేలమాళిగ దూలాల మీంచి దుమ్ము రాలింది. ఊడలేదు. రెండోసారి మోగింది. అయినా ఊడలేదు.

"తన్ను," అంది హిల్యా. "కింద తన్నుతావేం, పైన అద్దం ఉందిగా. అద్దానికి ఇవతల నా మొహం ఉంది. తన్నరా."

మూడో చప్పుడు రాలేదు. గాలి మాత్రం వీస్తోంది. తర్వాత ఎక్కడో దూరంగా, వీధికి అవతలనుంచి స్టాంకో గొంతు.

"హిల్యా! ఏమిటా చప్పుడు? గాలా?"

అత్తగారి గొంతు ఎప్పుడూ అంత పెద్దగా వినలేదు సైమా. అద్దం దాటి, వీధి దాటి, ఆ చివరి ఇంటి దాకా వినపడేలా అరిచింది.

"గాలి కాదు! నా కొడుకు! నవంబరులోనూ గాలి కాదు, అంతకుముందూ కాదు! ఎప్పుడూ నా కొడుకే!"

వీధి అవతల పార మంచులో గుచ్చిన చప్పుడయింది. బరువైన అడుగులు ఇటు రావడం వినపడింది. ఆర్వో ఏదో గొణిగాడు. అతని అడుగులు మెట్లు దిగి, వీధి పట్టి, సారా కొట్టు వైపు దూరమయ్యాయి.

సైమా గిన్నె నింపింది. చీకట్లో కొన్ని బంగాళాదుంపలు జారిపోయాయి, మళ్ళీ ఏరుకుంది. మెట్లెక్కి పైకి వచ్చింది. హిల్యా ఇంకా అక్కడే ఉంది, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, నుదురు అద్దానికి పెట్టుకుని. అద్దం మీద ఊపిరి ఆవిరి గుండ్రంగా కమ్ముకుంది. సైమా కుర్చీ జరిపి వెనకాల పెడితే అందులో ధబ్బున కూర్చుంది. బయట మెట్ల మీద స్టాంకో నిలబడి ఉన్నాడు, వీపు ఇంటికేసి, మొహం వీధికేసి.

"రేపు మళ్ళీ వస్తాడు అత్తయ్యా."

"వస్తాడు."

"ఎల్లుండి కూడా."

"తలుపుందిగా." హిల్యా చెయ్యి చాచి గిన్నె తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుంది. కత్తి కోసం తడుముకుంటూ, సైమా మొహం వంక మొదటిసారి సూటిగా చూసింది.

"కింద వినపడిందా?"

"అంతా వినపడింది."

"ఊఁ," అంది హిల్యా. "వినపడుతుంది."

తల వంచుకుని తొక్క తీయడం మొదలెట్టింది. కాసేపు చూసి సైమా సొరుగులోంచి ఇంకో కత్తి తీసుకుంది. పీట లాక్కుని, ఆవిడకి ఎదురుగా కూర్చుంది.